అమ్మడికి, నొప్పి మాత్రల సంగతి

చి.ల.సౌ. అమ్మడికి,

నాన్న దీవెనలు. నొప్పి మాత్రలు ఇక మాన్పించెయ్యమని, కిడ్నీలు పోతాయని నువ్వు మీ అమ్మకి ఫోన్లో గట్టిగా చెప్పావట. అప్పట్నుంచి తను మాత్ర అందించేటప్పుడల్లా ఇవ్వాలా వద్దా అన్నట్టు నా మొహంలోకి చూస్తోంది. నీ భయం ఉత్తిది కాదు. కాకపోతే ఎవరికి, ఎన్నాళ్లు వాడితే, ఏ మందుతో కలిస్తే అది నిజమవుతుందో తెలియాలి. ఫోన్లో తెగే మాట కాదు గనుక రాస్తున్నాను. నా సంగతి కన్నా మీ అత్తగారి సంగతి ముఖ్యం. ఓపిగ్గా అక్కడిదాకా చదువు.

ఆపరేషన్ చేసి నా తుంటికి పెట్టిన కొత్త కీలుకి నొప్పి తెలియదు. అది లోహం, ప్లాస్టిక్కు. నొప్పంతా దాన్ని అమర్చడానికి కోసిన కండది, తొలిచిన ఎముకది. దెబ్బ తగిలిన చోట ఒళ్లు ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను తయారుచేస్తుంది. వాపు, వేడి, సలుపు చాలావరకు వాటి పనే. ఆస్పిరిన్ వాటి తయారీనే అడ్డుకుంటుందని 1971లో జాన్ వేన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త తేల్చాడు. 1982లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఆయనొకడు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్, సెలెకాక్సిబ్ అన్నీ ఆ కుటుంబంలోవే. పారాసిటమాల్ వేరు. అది జ్వరాన్నీ నొప్పినీ తగ్గిస్తుంది, వాపు జోలికి పెద్దగా పోదు.

చిక్కేమిటంటే ఇవే ప్రోస్టాగ్లాండిన్లు కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడతాయి, కిడ్నీకి రక్తం సరిగా అందేలా చూస్తాయి. మాత్ర తుంటి దగ్గర ఒకలా, కడుపులో ఇంకోలా ఉండలేదు కదా. అన్నం తిన్నాక వేసుకుంటే ఏమీ కాదంటారు చాలామంది. తింటే మంట తగ్గొచ్చు. కానీ మందు రక్తంలో కలిశాక చేసే పని చేస్తూనే ఉంటుంది. ఇంజెక్షన్‌గా తీసుకున్నా కడుపులో పుండు పడే ప్రమాదం పోదు. అందుకే నాకు పొద్దున్నే టిఫినుకు ముందు గ్యాస్ మాత్ర కూడా రాశారు.

మరి ఇన్ని తెలిసీ ఎందుకు వేసుకుంటున్నారంటావు. నడవడానికి, అమ్మడూ. ఈ ఆపరేషన్ తర్వాత మంచం పట్టుకుని ఉండటమే అన్నిటికన్నా చేటు. కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టి అది ఊపిరితిత్తులకు పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఫిజియోథెరపీ అబ్బాయి రోజూ పొద్దున వచ్చి పడుకోబెట్టి కాలు పక్కకి జరిపిస్తాడు, మడమ పరుపుమీద ఆనించి మోకాలు మెల్లగా మడిపిస్తాడు, ఆపైన వాకర్ ఇచ్చి వరండా ఆ చివరిదాకా నడిపిస్తాడు. మాత్ర పనిచేస్తున్న వేళలో కాలు దానంతటది కదులుతుంది. లేకపోతే పిరుదు కండ బిగుసుకుపోయి, అడుగు పడకముందే భుజాలు పైకి లేచిపోతాయి. పళ్లు బిగబట్టి ఓర్చుకోవడం గొప్పని మా తరంవాళ్లం అనుకుంటూ పెరిగాం. ఈ ఒక్క విషయంలో ఆ ఓర్పు అక్కరకు రాదు. ఓర్చుకున్నవాడు నడవడు, నడవనివాడికి కండ తిరిగి రాదు.

ఇంకో కారణం కూడా ఉంది. ఈ మాత్ర మానేస్తే నొప్పికి ట్రమడాల్ లాంటి, మార్ఫిన్ తరహా మందులు ఎక్కువ వాడాల్సి వస్తుంది. వాటితో తల తిరుగుతుంది, వాంతి వస్తుంది, మలబద్ధకం పట్టుకుంటుంది. నా వయసులో రాత్రిపూట బాత్రూముకి వెళ్తూ తల తిరిగి పడితే కొత్త కీలు పక్కన ఎముక విరగొచ్చు. డెన్మార్క్‌లో తుంటి కీలు మార్పిడి జరిగిన 556 మంది మీద చేసిన పరిశీలన 2019లో అచ్చయింది. పారాసిటమాల్ ఒక్కటే ఇచ్చినవాళ్లకు మొదటి 24 గంటల్లో సుమారు 36 మిల్లీగ్రాముల మార్ఫిన్ అవసరమైతే, ఐబుప్రొఫెన్ కూడా కలిపి ఇచ్చినవాళ్లకు 20 సరిపోయింది. మత్తుమందు దాదాపు సగం తగ్గడమంటే మాటలా?

అలాగని దీన్ని కొనసాగించుకుంటూ పోవాలని కాదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆసుపత్రుల్లో ఆపరేషన్ తర్వాత 14 రోజులు రోజుకు 1200 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్ ఇచ్చి చూశారు. కీలు చుట్టూ అక్కర్లేని ఎముక పెరగడం తగ్గింది. కానీ ఆరు నెలల నుంచి ఏడాది తర్వాత చూస్తే నొప్పిలోగాని నడకలోగాని వేసుకోనివాళ్లకూ వీళ్లకూ తేడా లేదు, పైగా రక్తస్రావం ఇబ్బందులు ఎక్కువ కనిపించాయి. కాబట్టి ఈ మాత్ర కీలును బాగుచేసేది కాదు. నొప్పి ఎక్కువగా ఉన్న కొన్నాళ్లు దాటించేది, అంతే. వచ్చే చెకప్‌కి నాది ఆపేస్తామన్నారు, ఆ తర్వాత అవసరమైతే పారాసిటమాల్ ఒక్కటే.

డాక్టరుగారు నాకు ఇది ఊరికే రాయలేదు. ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష, ఈసీజీ చూశారు. గుండెకు స్టెంటు ఉందా, ఎప్పుడైనా కడుపులో పుండు పడిందా అని అడిగారు. ఆ రెండిట్లో ఏదున్నా ఈ మందు ఇచ్చేవాణ్ణి కాదన్నారు. రక్తం గడ్డకట్టకుండా 35 రోజులు వాడే అపిక్సబాన్ మాత్ర ఉంది కదా, దానితోపాటు డైక్లోఫెనాక్ లాంటిది వేస్తే రక్తస్రావం భయం పెరుగుతుంది. సెలెకాక్సిబ్ రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లను పెద్దగా ముట్టుకోదు గనుక దాన్ని, అదీ తక్కువ మోతాదులో ఎంచుకున్నారు. అన్నిటికన్నా నాకు నచ్చింది, నా బీపీ మాత్ర మార్చడం. ఇన్నాళ్లూ వేసుకున్నదాంట్లో టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ రెండూ కలిసి ఉండేవి. రెండోది మూత్రం ఎక్కువగా పోయించే మందు. ఈ కొన్నాళ్లకు దాన్ని తీసేసి టెల్మిసార్టన్ ఒక్కటే ఉంచారు. ఇంట్లో బీపీ చూసి రాసి పెట్టమన్నారు, మీ అమ్మ క్యాలెండరు మీద రాస్తోంది.

ఆ మార్పు ఎందుకో నువ్వు బాగా అర్థం చేసుకోవాలి. కిడ్నీలోని జల్లెడకు రక్తం ఒక సన్నని నాళంలోంచి వస్తుంది, ఇంకో నాళంలోంచి పోతుంది. మన చేలకు కాలువ నీళ్లు వదిలే తీరు గుర్తు తెచ్చుకో. మూత్రం పోయించే మందు కాలువలో నీళ్లే తగ్గిస్తుంది. నొప్పి మాత్ర ఎగువ తలుపు సగం మూస్తుంది. టెల్మిసార్టన్ దిగువ తలుపు వెడల్పుగా తీస్తుంది. ఒక్కొక్కటీ విడిగా అయితే కిడ్నీ సర్దుకుంటుంది. మూడూ ఒక్కసారి జరిగితే చేనుకు నీరెక్కదు. వాంతులో, విరేచనాలో పట్టుకున్నప్పుడు, ఎండాకాలంలో నీళ్లు సరిగా తాగనప్పుడు మరీ ప్రమాదం.

జువాలజీ చెప్పినవాణ్ణి గనుక రాబందుల మాట చెప్పకుండా ఉండలేను. నా చిన్నప్పుడు ఊరి బయట పశువు చచ్చిపడితే గంటలో వాలేవి. 1990ల నుంచి దేశమంతా కరువైపోయాయి. పశువులకు వాపు తగ్గడానికి ఇచ్చిన డైక్లోఫెనాక్ కళేబరంలో మిగిలి, అది తిన్న రాబందుల కిడ్నీలు చెడి, లోపలి అవయవాల మీద తెల్లటి యూరిక్ ఆమ్లం పేరుకుని చచ్చిపోయాయని 2004లో తేలింది. 2006లో మన ప్రభుత్వం పశువులకు ఆ మందు నిషేధించింది. మనిషి ఒంట్లోంచి డైక్లోఫెనాక్ కొద్ది గంటల్లోనే పోతుంది, రాబందుకు ఆ శక్తి లేదు. కనుక అదే గతి మనకూ పడుతుందని కాదు. కిడ్నీ మీద దీని చెయ్యి ఎంత బలమైనదో తెలుసుకోమంటున్నాను.

మీ అమ్మకు ఏమేం గమనించాలో చెప్పారు. విరేచనం తారులా నల్లగా రావడం, కాఫీపొడి రంగులో వాంతి, మూత్రం తగ్గడం, రెండు పాదాలూ పొంగడం, ఆయాసం. వీటిలో ఏది కనిపించినా మాత్ర ఆపి వెంటనే ఫోన్ చెయ్యాలి. ఒక్క పిక్కే నొప్పెట్టి వాస్తే ఆగకుండా ఆసుపత్రికి రావాలి. ఈ మాత్రలు జ్వరాన్ని కప్పిపెడతాయి గనుక థర్మామీటరు ఒక్కదాన్నే నమ్ముకోకుండా, కుట్ల దగ్గర ఎరుపో చెమ్మో ఉందేమోనని రోజూ చూస్తోంది. నా గురించి ఇంక బెంగపెట్టుకోకు.

ఇప్పుడు మీ అత్తగారి సంగతి. మొన్న నన్ను చూడటానికి వచ్చినప్పుడు భోజనమయ్యాక సంచిలోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా తీశారు. అందులో కత్తెరతో ముక్కలుగా కత్తిరించిన స్ట్రిప్పులు. ఒకదాని వెనక పేరు సగమే మిగిలింది, గడువు తేదీ అసలే లేదు. అద్దాలు పెట్టుకుని చదివితే అసెక్లోఫెనాక్ 100, పారాసిటమాల్ 325 అని ఉంది. మోకాళ్లకు రోజూ ఇదేనట. మరీ సలిపితే రాత్రికి ఇంకొకటి, అది చూస్తే డైక్లోఫెనాక్. రంగులు వేరు గనుక వేర్వేరు మందులనుకుంటున్నారావిడ. ఒళ్లు వెచ్చబడితే పారాసిటమాల్ విడిగా మళ్లీ వేసుకుంటారట. బీపీకి వాడేది నేను వదిలిపెట్టిన ఆ రెండు మందుల మాత్రే. మెట్ల దగ్గర చెప్పులు వేసుకునేటప్పుడు చూశాను, పాదాలు పొంగి, వేళ్లకు పైన చెప్పు పట్టీ గుర్తు లోతుగా దిగిపోయి ఉంది. నాకు నిద్ర పట్టలేదు.

నాకు ఆ మూడు మందుల లెక్క చూసినవాళ్లున్నారు, ఆవిడకు మెడికల్ షాపు కుర్రాడు తప్ప ఎవరూ లేరు. నా మాత్రలు కొన్నాళ్లలో అయిపోతాయి, ఆవిడవి ఏళ్ల తరబడి సాగుతున్నాయి. నువ్వు చెప్తే కోడలు తప్పుపడుతోందని అనిపించొచ్చు, అల్లుడుగారి చేత చెప్పించు. బీపీ మాత్ర మాత్రం సొంతంగా ఆపనివ్వొద్దు, బీపీ ఒక్కసారిగా పెరిగితే అదో ప్రమాదం. ఈ వారంలోనే క్రియాటినిన్, పొటాషియం, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించి, ఆ డబ్బా ఉన్నదున్నట్టు డాక్టరు ముందు పెట్టండి. అప్పటిదాకా ఆ రెండు రంగుల మాత్రలూ పక్కన పెట్టి, నొప్పికి పారాసిటమాల్ ఒక్కటే, మిగతావాటిలో అది లేదని చూసుకుని ఇవ్వండి. మోకాలికి డైక్లోఫెనాక్ జెల్ రాసుకోవచ్చునేమో అడగండి. మోకాలు పైపైనే ఉంటుంది గనుక జెల్ పనిచేస్తుంది, రక్తంలోకి చాలా కొద్దిగా వెళ్తుంది. తొడ కండకు బలమిచ్చే వ్యాయామం కూడా నేర్పించమనండి. కుర్చీలో కూర్చుని కాలు చాచి కాసేపు నిలబెట్టడమే, ఆవిడ తప్పకుండా చెయ్యగలరు.

రిపోర్టు రాగానే ఫొటో తీసి నాకు పంపు, రాత్రయినా సరే.

మీ అమ్మ ఆశీస్సులు చెప్పమంది.

నాన్న