ఉప్పెన ఎత్తు ఊరి గోడల మీద రాయించండి: విపత్తు నిర్వహణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విపత్తు నిర్వహణ శాఖ మంత్రి గారికి,

దివిసీమ నుంచి నమస్కారాలు.

2027 నవంబర్ 19కి దివిసీమ ఉప్పెనకు యాభై ఏళ్లు నిండుతాయి. ఆ రోజు అవనిగడ్డలో సభ ఉంటుంది, స్మారక స్తూపానికి పూలదండలు వేస్తారు, పెద్దలు వచ్చి మాట్లాడతారు. అవన్నీ జరగాల్సిందే. కానీ ఆ రోజు వచ్చేలోపు పూర్తి చేయాల్సిన పని ఒకటి ఉంది. 1977లో నీళ్లు ఏ ఊళ్లో ఎంత ఎత్తు వచ్చాయో, ఎటు నుంచి వచ్చాయో, ఎంతసేపు నిలిచాయో, ఎవరు ఎక్కడ ఎక్కి బతికారో చూసినవాళ్లనే అడిగి రాసుకోవాలి. ఆ ఎత్తును ప్రతి ఊళ్లో అందరికీ కనిపించేలా గుర్తు వేయించాలి. తుపాను వచ్చినప్పుడు మీరిచ్చే హెచ్చరికలు ఆ గుర్తుల లెక్కలో చెప్పాలి. అది అడగడానికే ఈ లేఖ.

తొందర ఎందుకంటే, చూసినవాళ్లు వెళ్లిపోతున్నారు. ఆనాడు ఇరవై ఏళ్ల వయసున్న మనిషికి 2027లో డెబ్భై నిండుతాయి. అప్పటికే సంసారం, పిల్లలు ఉండి, వాళ్లను చంకనేసుకుని పరిగెత్తినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. నేను ఈ ప్రాంతంలో బడిపంతులుగా పనిచేశాను. పిల్లలకు ఉప్పెన గురించి చెప్పమని ఊళ్లోని ముసలివాళ్లను బడికి పిలిచేవాడిని. ఇప్పుడు పిలుద్దామంటే ఆ ఇళ్లలో వాళ్ల ఫోటోలే మిగిలాయి.

1977లో ఆ రోజు శనివారం, కార్తీకమాసం. పొద్దుటి నుంచి గాలి, వాన. తీరం జనానికి అది కొత్త కాదు. తలుపులు బిగించుకున్నారు, పశువుల్ని పాకల్లో కట్టేశారు, గుడిసెల కప్పులకు తాళ్లు వేశారు. సాయంత్రానికి సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. దాదాపు 5 మీటర్ల ఎత్తున నీటిగోడ లేచి, పది కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకొచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు దాదాపుగా తుడిచిపెట్టుకుపోయాయి. చనిపోయినవాళ్లు ప్రభుత్వ లెక్కలో పదివేల చిల్లర. ఈ ప్రాంతంలో ఎవరూ ఆ లెక్కను ఒప్పుకోరు. వరి కోతల కోసం వేరే ఊళ్ల నుంచి వచ్చిన కూలీలు, చిరునామా లేని యానాది కుటుంబాలు, కుటుంబమంతా పోయి 'మావాళ్లు కనబడటం లేదు' అని చెప్పేవాళ్లే మిగలని ఇళ్లు ఏ జాబితాకెక్కాయని పెద్దవాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్నకు ఇన్నేళ్లలో ఎవరూ సరైన జవాబు ఇవ్వలేదు.

బతికిన ఒక్కొక్కరిదీ ఒక్కో కథ. తాటిచెట్టు కావిలించుకుని రాత్రంతా ఉన్నవాళ్లున్నారు. తుమ్మకంపకు చిక్కుకుని ఒళ్లంతా చీరుకుపోయినా ప్రాణం నిలుపుకున్నవాళ్లున్నారు. గడ్డివాము తేలిపోతుంటే దాని మీద ఎక్కి ఊరు దాటినవాళ్లున్నారు. డాబా, గుడి, బడి, రైస్‌మిల్లు, ఏదో ఒక గట్టి కట్టడం అందినవాళ్లు బతికారు. ఏ కట్టడం నిలిచింది, ఏది కూలింది, ఏ మెరక మునగలేదు అనేది ఆ కథల్లోనే ఉంది. ఇంజనీర్లకు పనికొచ్చే సమాచారం అది. మనం మాత్రం దాన్ని ఏడుపుగానే విన్నాం.

అంతకుముందు సంగతి చూడండి. 1864 నవంబర్ 1న బందరు (మచిలీపట్నం) మీద ఇలాంటి ఉప్పెనే వచ్చింది. సుమారు 30 వేల మంది పోయారని అప్పటి రికార్డులు చెబుతున్నాయి. బందరుకు దివిసీమ ఎంత దూరం? అయినా 1977 నాటికి ఆ సంగతి చరిత్ర పుస్తకాల్లోనే ఉంది తప్ప మా ఊళ్ల నోట లేదు. 113 ఏళ్లలో చూసినవాళ్లు పోయారు, విన్నవాళ్లు పోయారు, నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయని చెప్పే రాయి ఒక్కటీ లేదు. అందుకే 1977లో జనానికి తుపాను అంటే గాలివాన అనే తెలుసు. గాలికి ఏం చేయాలో అది చేశారు. సముద్రం వస్తుందని, వస్తే ఎటు పోవాలో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

జ్ఞాపకం బతికుంటే ఏమవుతుందో కూడా ఇక్కడే చూశాం. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గరే మళ్లీ భయంకరమైన తుపాను తీరం దాటింది. ఈసారి అధికారులు లక్షన్నర మందికి పైగా ముందే తరలించారు. ప్రాణనష్టం వెయ్యి లోపే ఆగింది. వెయ్యి తక్కువని నేననడం లేదు. ఆ తరలింపులో యంత్రాంగం కష్టం ఎంత ఉందో, పదమూడేళ్ల కిందటి ఉప్పెన కళ్లారా చూసిన అమ్మలు, అమ్మమ్మల భయం కూడా అంతే ఉంది. అధికారులు వచ్చి చెప్పేలోపే మూట కట్టుకున్న ఇళ్లు ఉన్నాయి. 'పోదాం పదండి' అని మగవాళ్లను ఆడవాళ్లే లాక్కెళ్లారు.

ఇప్పుడా భయం మా పిల్లల్లో లేదు. ఉండాలని శపించడం కాదు. వాళ్లకు భయం అక్కర్లేదు, తెలివిడి కావాలి. అది ఎక్కడి నుంచి వస్తుంది? మా పాఠశాల పిల్లలకు 'ఉప్పెన' అంటే నవంబర్‌లో ఒక రోజు మౌనం పాటించడం. తమ బడి గోడ మీద నీళ్లు ఎంత ఎత్తున నిలిచేవో వాళ్లను అడిగితే ఒక్కరూ చెప్పలేరు.

జ్ఞాపకం ఒక్కటే చాలదు, ఒక్కోసారి అది తప్పుదారి కూడా పట్టిస్తుంది. 2013 నవంబర్‌లో వారం తేడాలో హెలెన్, లెహర్ తుపాన్లు వచ్చాయి. లెహర్‌కు పెద్ద హడావుడే జరిగింది. అది తీరం చేరేలోపే బలహీనపడిపోయింది. 'అప్పుడూ ఇలాగే చెప్పారు, ఏం కాలేదు' అనే మాట ఇప్పటికీ తుపాను వచ్చిన ప్రతిసారీ వినబడుతుంది. ఇంకో మాట దీనికన్నా ప్రమాదం: 'ఉప్పెనలోనే మా మెరకకు నీళ్లు రాలేదు, ఇప్పుడేం వస్తాయి?' ఆనాటి నేల ఈనాడు లేదు. మడ అడవులు ఉన్న చోట రొయ్యల చెరువులు వచ్చాయి. చెరువుల గట్లు, కొత్త రోడ్లు నీటి దారిని మార్చేశాయి. అందుకే ముసలివాళ్లు చెప్పింది రాసుకుని వదిలేయకుండా, దాని పక్కన ఇవాళ్టి సర్వే పెట్టి, మునిగే చోట్లు ఇవీ అని ఊరికి చూపించాలి. ఆ మ్యాపు కలెక్టరేట్ కంప్యూటర్‌లో ఉంటే సరిపోదు, పంచాయతీ గోడ మీద ఉండాలి.

2004 డిసెంబర్ 26 కూడా మరచిపోకూడదు. పౌర్ణమి రోజు, ఎండ కాస్తున్న పొద్దున బందరు దగ్గరి మంగినపూడి బీచ్‌లో జనం సముద్ర స్నానాలు చేస్తున్నారు. గాలి లేదు, వాన లేదు. సునామీ వచ్చి కొందరిని తీసుకుపోయింది. తుపాను చూసి నేర్చుకున్న తీరానికి కూడా అది అంతుచిక్కలేదు. అదే రోజు ఇండోనేషియాలోని సిమెల్యూ దీవిలో మాత్రం, 1907లో వచ్చిన అలను గురించి తాతలు చెప్పిన మాట నిలిచి ఉండటం వల్ల, భూమి కంపించి సముద్రం వెనక్కి పోగానే జనం కొండెక్కారు. 70 వేలకు పైగా జనాభా ఉన్న దీవిలో సునామీకి పోయినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మాకు ఎక్కడానికి కొండ లేదు. మాకున్నది డాబాలు, కరకట్ట, తుపాను షెల్టర్లు. కాబట్టి ఎటు పోవాలో ముందే తెలియడం మాకు ఇంకా ముఖ్యం.

ఇక హెచ్చరికల సంగతి. ఈ రోజుల్లో మచిలీపట్నంలో తుపాను కదలికను కనిపెట్టే డాప్లర్ రాడార్ ఉంది, ఫోన్లకు మెసేజ్‌లు వస్తున్నాయి, తుపాను ఎక్కడ తీరం దాటుతుందో రోజుల ముందే చెబుతున్నారు. ఇది చిన్న విషయం కాదు, ఆ పని చేస్తున్నవాళ్లందరికీ దండం పెడతాను. కానీ మాట మా దాకా వచ్చేసరికి ఎలా ఉంటుందో చూడండి. 'ఓడరేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక'. ఆ నంబర్లు ఒకటి నుంచి పదకొండు వరకు ఉంటాయి, ఓడల కోసం పెట్టినవి. పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. కోడూరులో పశువులు కాసుకునే మనిషికి మూడుకూ ఏడుకూ తేడా ఏం తెలుస్తుంది? 'అలలు సాధారణ పోటు కంటే ఒకటిన్నర మీటరు ఎత్తు ఎగసే అవకాశం' అంటారు. ఒకటిన్నర మీటరు ఎక్కడి నుంచి? మా గుమ్మం దాకానా, మోకాళ్ల దాకానా, కప్పు దాకానా?

ఊళ్లో ఒక స్తంభం ఉండి, దాని మీద 1977 నీటి ఎత్తు ఎర్ర గీతగా, 1990 ది నీలి గీతగా ఉంటే, మీరు ఒకే మాట చెప్పొచ్చు: 'రేపు రాత్రికి నీళ్లు నీలి గీత దాకా రావచ్చు.' ఆ మాట చదువుకోని అవ్వకు అర్థమవుతుంది, ఆరేళ్ల పిల్లాడికి అర్థమవుతుంది. ఇళ్లు కట్టుకునేవాడు పునాది ఎంత లేపాలో కూడా ఆ గీత చూసే నిర్ణయించుకుంటాడు.

చెప్పినా జనం కదలరని మీ అధికారులు విసుక్కుంటారు. ఎందుకు కదలరో అడిగారా? నవంబర్ అంటే చేలో వరి పనల మీద ఉంటుంది, ఏడాది తిండి అది. ఇంట్లో గేదె ఉంటుంది. షెల్టర్‌లో గేదెకు చోటు లేదు. వేట చేసేవాడికి పడవ, ఇంజను, వలే ఆస్తి. దాని మీద అప్పు ఉంటుంది. ఇల్లు ఖాళీ చేస్తే దొంగలు పడతారనే టెన్షన్ వేరు. ఆడపిల్లలున్న ఇళ్లవాళ్లు షెల్టర్‌లో మరుగుదొడ్డి లేదని, గది లేదని ఆగిపోతారు. నాకు తెలిసిన ఒక ఊళ్లో తుపాను రోజున షెల్టర్ తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలియక జనం వానలో మెట్ల మీద నిలబడ్డారు. ఇవన్నీ మూర్ఖత్వం వల్ల వచ్చిన ఇబ్బందులు కావు. పేదవాడు తన బతుకును లెక్క వేసుకుంటున్నాడు. పశువులకు ఎత్తుగా ఒక దిబ్బ, పడవలు లాగి కట్టుకోవడానికి భద్రమైన రేవు, పోయిన వలకు నెలలోపు పరిహారం, ఆడవాళ్లకు విడిగా గది, తాళం చెవి ఊళ్లోని డ్వాక్రా సంఘం చేతిలో. ఇవి ఇవ్వండి, ఎవరూ బతిమాలకుండానే జనం కదులుతారు.

మడ అడవుల మాట కూడా మా పెద్దల నోట విన్నదే. మడ దట్టంగా ఉన్న వైపు నీటి ఉరవడి తగ్గిందని, బోసిగా ఉన్న వైపు ఊళ్లు ఊడ్చుకుపోయాయని చెబుతారు. ఉప్పెన తర్వాత కట్టిన సముద్ర కరకట్ట చాలాచోట్ల కుంగి, గండ్లు పడే స్థితిలో ఉంది. మురుగు నీటిని సముద్రంలోకి వదిలే తూముల (ఔట్‌ఫాల్ స్లూయిస్‌ల) తలుపులు తుప్పుపట్టి పోటు సమయంలో ఉప్పునీరు మురుగు కాలువల్లోకి ఎగదన్నుతోంది. సముద్రం ఏటా కొంచెం కొంచెం లోపలికి వస్తున్నట్టే ఇది. రైతులు దీని మీద ఇచ్చిన అర్జీలు మీ ఆఫీసుల్లోనే ఉంటాయి.

ఇది ఒక్క దివిసీమ గోడు అనుకోవద్దు. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద వచ్చినప్పుడు, మరోపక్క బుడమేరు వాగు విజయవాడ మీద పడింది. సింగ్‌నగర్ జనం రోజుల తరబడి మేడల మీద నీళ్ల కోసం, అన్నం పొట్లాల కోసం ఎదురుచూశారు. 2005లో కూడా బుడమేరు నగరాన్ని ముంచింది. మధ్యలో పందొమ్మిదేళ్లు. ఆ మధ్యలో అక్కడ స్థలం కొన్నవాడికి, ఇల్లు అద్దెకు తీసుకున్నవాడికి నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయని చెప్పే గుర్తు ఒక్కటైనా ఉందా? అలాంటి గుర్తులుంటే స్థలాల ధర పడిపోతుందని కొందరు అడ్డుపడతారని నాకు తెలుసు. పడనివ్వండి. ధర కోసం దాచిన నిజానికి మూల్యం కట్టేది పేద ఇంటి మనుషులే.

మన పక్కనున్న ఒడిశాను చూడండి. 1999 అక్టోబర్ 29 సూపర్ సైక్లోన్‌లో దాదాపు పదివేల మందిని పోగొట్టుకున్నాక వాళ్లు ఆ తేదీని విపత్తు సంసిద్ధత దినంగా పెట్టుకున్నారు. షెల్టర్లలో ఏటా మాక్ డ్రిల్లులు చేస్తారు. 2013లో ఫైలిన్ తుపాను వచ్చేనాటికి లక్షల మందిని ముందే తరలించి ప్రాణనష్టాన్ని పదుల్లోకి తెచ్చారు. మన నవంబర్ 19 కూడా అలాంటి రోజు కావాలి. ఆ రోజు ఉపన్యాసాల తర్వాత సైరన్ మోగాలి, ఊరు ఊరంతా షెల్టర్ దాకా నడిచి వెళ్లి రావాలి, దారిలో వంతెన బాగుందో లేదో, మంచం పట్టిన ముసలాయనను ఎవరు మోస్తారో ఆ రోజే తేలిపోవాలి.

కృష్ణా విశ్వవిద్యాలయం విద్యార్థులను, మా బడుల ఉపాధ్యాయులను, రిటైరైన మాలాంటివాళ్లను ఈ పనికి తీసుకోండి. మేం ఊరూరా తిరిగి రికార్డు చేస్తాం, ఎత్తులు కొలిచి ఇస్తాం. మాకు జీతాలు అక్కర్లేదు, మీ సర్వేయర్లు పక్కన ఉంటే చాలు. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ మండలాల్లో మొదలుపెట్టి బాపట్ల, కోనసీమ తీరాలకు విస్తరించవచ్చు. చనిపోయినవాళ్ల పేర్లు ఊరివారీగా, దొరికినంత మేర, ఆ స్తంభాల మీద చెక్కించండి. పేరు తెలియని కూలీల కోసం కూడా ఒక వరస వదలండి.

వచ్చే బడ్జెట్‌లో దీనికి ఎంత కేటాయిస్తారో, పని ఏ అధికారికి అప్పగిస్తారో మీ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోవాలని కోరుతున్నాం. తొలి గ్రామసభ మీరు ఏ తేదీ చెబితే ఆ తేదీన నాగాయలంకలో పెట్టడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
దివిసీమ వాసి, రిటైర్డ్ ఉపాధ్యాయుడు