వదలని భర్త దగ్గర చిక్కుకున్న తల్లుల మాటేమిటి?

సంపాదకులు గారికి నమస్కారం.

విదేశీ సంబంధాల మోసాల గురించి మన పత్రికల్లో తరచూ వార్తలు వస్తున్నాయి. పెళ్లయిన నెలకే భార్యని పుట్టింట్లో దించి విమానం ఎక్కినవాళ్లు, కట్నం పుచ్చుకుని ఫోనుకి దొరకనివాళ్లు, అక్కడ ఇంకో సంసారం ఉన్నవాళ్లు. ఆ వార్తలు రావాలి, ఆ ఆడపిల్లలకి న్యాయం జరగాలి. నేను రాస్తున్నది ఇంకోరకం కష్టం గురించి. ఇక్కడ భర్త భార్యని వదిలేయలేదు. వదలడమే లేదు. ఆమె ఆ దేశంలో తల్లి అయింది కాబట్టి తనంతట తాను వచ్చేయలేకపోతోంది. ఇలాంటి ఆడవాళ్ల గురించి మన ప్రభుత్వాలు ఆలోచించినట్టు నాకు ఎక్కడా కనబడలేదు.

మా అక్క కూతురు ఇంగ్లండ్‌లో ఉంటోంది. చదువుకోవడానికి వెళ్లి, అక్కడి అబ్బాయినే ఇష్టపడి చేసుకుంది. ఇప్పుడు ఎనిమిదేళ్ల పాప. అతను చదివితే గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు వదిలేస్తున్నాను. కొట్టడు. తాగడు. బయటివాళ్లకి చాలా మర్యాదస్తుడు. కానీ ఆమె జీతం పడే ఖాతా అతను చూస్తాడు, సరుకులు కొన్న బిల్లు అడుగుతాడు, ఆమె ఎక్కడుందో అతని ఫోన్‌లో కనిపిస్తూ ఉంటుంది. పోపు వాసన పడదంటాడు కాబట్టి అతను ఊళ్లో లేని రోజే మన వంట. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఆదివారం వీడియో కాల్. స్పీకర్ ఆన్ చేసి, ఫోన్ బల్ల మీద నిలబెట్టి మాట్లాడాలి. ఇంగ్లీషులోనే మాట్లాడాలి. తనకు అర్థంకాని భాషలో తన గురించే చెప్పుకుంటున్నారని అతని అనుమానం. మా అక్కకి ఇంగ్లీషు రాదు. పాప ‘అమ్మమ్మా’ అని మొదలుపెట్టి, పక్కకి ఒకసారి చూసి, ‘హలో గ్రాండ్‌మా’ అంటుంది. మా అక్క నవ్వుతూ చెయ్యి ఊపుతుంది. అంతే, ఆ వారానికి మాటలు అయిపోయినట్టే.

పరాయి దేశం వాణ్ణి చేసుకోవడమే తప్పని ఎవరూ అనుకోవద్దు. భాష, మతం, రంగు వేరైనా హాయిగా కాపురం చేసుకుంటున్న జంటలు నాకు తెలుసు. భార్య ఫోన్ లాక్కునే మన కుర్రాళ్లూ తెలుసు. అయితే ఇలాంటి పెళ్లిలో భర్తకి ఒక సదుపాయం దొరుకుతుంది. మన అబ్బాయైతే అతని పెదనాన్ననో మేనత్తనో పట్టుకుని నలుగురిలో కూర్చోబెట్టి అడగొచ్చు. ఇక్కడ అడిగే మనిషే లేరు. పైగా ఇంట్లో వాళ్లని కాదని చేసుకున్న పెళ్లి. ‘నచ్చినవాణ్ణి చేసుకుంది కదా, అనుభవించనీ’ అన్నవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. ఆ మాట ఆమె చెవిన పడింది. ఆ తర్వాత చాలాకాలం ఆమె మాకు ఏమీ చెప్పలేదు. ఆ మాట అన్నవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆమెను పట్టి ఉంచిన భయం కూడా ఒకేలా లేదు. మొదటి ఐదేళ్లు వీసా భయం. ‘నేను ఒక్క మెయిల్ పెడితే నిన్ను ఇండియా పంపించేస్తారు’ అనేవాడు. పీఆర్, అంటే శాశ్వత నివాస అనుమతి, వచ్చాక ఆ బెదిరింపు చెల్లలేదు. అప్పుడు పిల్ల భయం మొదలైంది. ‘వెళ్తే వెళ్లు, పాప మాత్రం ఇక్కడే ఉంటుంది’ అన్నాడు. మొదటిది సగం అబద్ధం. రెండోదాంట్లో మాత్రం చాలావరకు నిజం ఉంది.

మొదటిది ఎందుకు సగం అబద్ధమో తెలుగు తల్లిదండ్రులకి తెలియాలి. బ్రిటన్‌లో భాగస్వామి వీసా మీద ఉన్న స్త్రీ, భర్త హింస వల్ల కాపురం చెడిందని చూపగలిగితే, అతని ప్రమేయం లేకుండా తనే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. చేతిలో డబ్బు లేకపోతే ఆ లోపు మూడు నెలలు ప్రభుత్వ సాయం పొందే వీలు కూడా ఉంది. కొడితేనే హింస అని కూడా లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2015 చివరి నుంచి భార్యని గుప్పిట్లో పెట్టుకోవడం, ఆమె డబ్బు, రాకపోకలు, స్నేహాలు అదుపు చేయడం కూడా నేరమే. ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. మా అమ్మాయికి ఈ సంగతి పెళ్లయిన చాలా ఏళ్లకి, పాప బడి దగ్గర పరిచయమైన ఒక గుజరాతీ ఆవిడ చెబితే తెలిసింది. మన హైకమిషన్ నుంచి తెలియలేదు.

ఇక రెండోది. పదహారేళ్ల లోపు బిడ్డని, తండ్రికి కూడా హక్కులున్నప్పుడు, అతని ఒప్పుదల గానీ కోర్టు అనుమతి గానీ లేకుండా బ్రిటన్ దాటించడం 1984 నాటి చట్టం ప్రకారం నేరం. కన్నతల్లికీ ఇదే వర్తిస్తుంది. పాపకి బ్రిటిష్ పాస్‌పోర్టు ఉంది కాబట్టి మన దేశం రావాలంటే వీసా కావాలి, లేదా భారత మూలాలున్న విదేశీ పౌరులకి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు కావాలి. దేనికైనా తల్లీ తండ్రీ ఇద్దరి సంతకాలూ అడుగుతారు. అంటే అమ్మమ్మని చూడ్డానికి సంక్రాంతికి రావాలన్నా తాళం అతని దగ్గరే ఉంది. ఆమె ఒక్కతే రావొచ్చు. పోయిన ఏడు బావగారికి గుండె ఆపరేషన్ అయినప్పుడు అందరం అదే అన్నాం, ఒక్కదానివే వచ్చి వెళ్లమని. ‘నేను తిరిగి వెళ్లేసరికి తాళాలు మార్చేసి ఉంటే ఏం చెయ్యాలి పిన్నీ? తల్లే వదిలేసి పోయిందని కోర్టులో చెబితే?’ అంది. నా దగ్గర సమాధానం లేదు.

కోర్టుకి వెళ్లి సెలవులకి అనుమతి అడగొచ్చు కదా అంటారు. అడగొచ్చు. అక్కడే మన దేశం సంగతి అడ్డం వస్తుంది. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పిల్లల్ని తీసుకుపోతే తిరిగి పంపించేందుకు 1980లో హేగ్‌లో ఒక అంతర్జాతీయ ఒప్పందం జరిగింది. వందకు పైగా దేశాలు అందులో ఉన్నాయి. మనం లేము. చేరమని లా కమిషన్ 2009లోనే చెప్పింది. చేరితే హింస తట్టుకోలేక బిడ్డతో పారిపోయి వచ్చిన మన ఆడపిల్లల్ని మళ్లీ ఆ చోటికే పంపాల్సి వస్తుందని కేంద్రం వెనకాడుతోంది. ఆ భయం ఉత్తిది కాదు. పిల్లల్ని ఇలా తీసుకెళ్లేవాళ్లలో ఎక్కువమంది తల్లులే. విదేశీ కోర్టు ఉత్తర్వు ఉన్నా సరే, బిడ్డ మేలే ముందు చూడాలని మన సుప్రీంకోర్టు 2017లో, బ్రిటన్ నుంచి కూతురితో వచ్చిన ఒక తల్లి కేసులో తేల్చింది. ఎలాగో ఇక్కడికి చేరుకోగలిగిన తల్లికి అది రక్ష. కానీ ఇంకా అక్కడే ఉన్న తల్లికి అదే అడ్డంకి అవుతోంది. ‘ఇండియా వెళ్తే పిల్ల తిరిగి రాదు’ అని భర్త తరఫు లాయరు వాదిస్తే జడ్జి ఆలోచనలో పడతారు.

ఆ హేగ్ ఒప్పందం మీద గుడ్డిగా సంతకం పెట్టమని నేను అనను. చూస్తూ కూర్చోవడమూ పద్ధతి కాదు. 2003లో, పాకిస్తాన్ ఇంకా హేగ్ ఒప్పందంలో చేరక ముందే, బ్రిటన్, పాకిస్తాన్ జడ్జీలు పిల్లల కేసుల మీద ఒక అవగాహనకి వచ్చారు. మన జడ్జీలు కూడా కూర్చుని, సెలవులకి వచ్చి వెళ్లే పిల్లల విషయంలోనైనా ఒక మాట అనుకోవచ్చు. హింస నుంచి తప్పించుకొచ్చిన తల్లికి రక్షణ తీసేయకుండానే ఆ పని చేయొచ్చు.

ఇక మన చట్టాల సంగతి. ఎన్నారై పెళ్లిళ్ల నమోదు బిల్లు 2019 ఫిబ్రవరిలో రాజ్యసభలో పెట్టారు. అది చట్టం కాలేదు. అయినా అది భారత పౌరుడైన వరుడి గురించే. మాట వినని వాడి పాస్‌పోర్టు స్వాధీనం చేసుకుంటామంటుంది. మా అల్లుడి పాస్‌పోర్టు మన ప్రభుత్వం ఇచ్చింది కాదు కదా! లా కమిషన్ 2024లో ఇచ్చిన నివేదికలో ఓసీఐలనూ కలిపి సమగ్ర చట్టం చేయాలని సిఫారసు చేసింది. అది కూడా ముందు మోసం, విడిచిపెట్టడం దగ్గర మొదలయ్యే ఆలోచనే.

మన దౌత్య కార్యాలయాల్లో ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి అని ఒకటి ఉంది. భర్త వదిలేసిన, మోసం చేసిన, హింసించిన భారతీయ మహిళకి, భర్త విదేశీయుడైనా సరే, న్యాయ సహాయం కింద 4,000 డాలర్ల వరకు ఇవ్వొచ్చు. మంచి ఏర్పాటు. కానీ నిబంధనల్లో ఒక మెలిక పెట్టారు, పెళ్లయిన ఏడేళ్ల లోపు అయితేనే అని. ఇది ఎవరు రాశారో గానీ, పిల్లల తల్లిని దృష్టిలో పెట్టుకుని రాయలేదు. కొత్త పెళ్లికూతుర్ని వదిలేస్తే అది నెలల్లో బయటపడుతుంది. గుప్పిట్లో పెట్టుకోవడం అలా బయటపడదు. మొదటి రెండేళ్లు దాన్ని ప్రేమ అనుకుంటుంది, తర్వాత వీసా వచ్చేదాకా ఆగుతుంది, ఆ తర్వాత పిల్ల కాస్త పెద్దదయ్యేదాకా చూద్దాం అనుకుంటుంది. నోరు విప్పే ధైర్యం వచ్చేసరికి ఏడేళ్లు దాటిపోతాయి. మా అమ్మాయికి దాటిపోయాయి.

తెలంగాణ పోలీసుల మహిళా భద్రతా విభాగంలో ఎన్నారై సెల్ ఉంది, ఆంధ్రప్రదేశ్‌కి ప్రవాసాంధ్రుల కోసం ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ఉంది, జాతీయ మహిళా కమిషన్‌కీ ఒక విభాగం ఉంది. ఫిర్యాదు రాసిస్తే తీసుకుంటారు. ఈ తల్లి అడిగేది ఫిర్యాదు కూడా కాదు. భర్త ఇంట్లో లేని అరగంటలో, తెలుగులో, ‘ఇలా చేస్తే నా బిడ్డ నాకు దక్కుతుందా?’ అని అడగడానికి అక్కడి చట్టం తెలిసిన ఒక మనిషి కావాలి. బ్రిటన్‌లో అన్నివేల మంది తెలుగువాళ్లు ఉన్నారు, తెలుగు లాయర్లు ఉన్నారు, బతుకమ్మలూ ఉగాదులూ ఘనంగా చేసే సంఘాలున్నాయి. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ కలిసి ఒక ఫోన్ లైను పెట్టలేవా?

అలాంటిది వచ్చేలోగా, బ్రిటన్‌లో కూతుళ్లున్న తల్లిదండ్రులు ఇవి రాసిపెట్టుకోండి. అక్కడి జాతీయ గృహహింస హెల్ప్‌లైన్ 0808 2000 247, రోజంతా పనిచేస్తుంది, ఫోన్ ఉచితం. ప్రమాదంలో ఉండి మాట్లాడే వీల్లేకపోతే మొబైల్ నుంచి 999 చేసి, అడిగినప్పుడు 55 నొక్కాలి. లండన్‌లో దక్షిణాసియా ఆడవాళ్ల కోసం 1979 నుంచి పనిచేస్తున్న సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ అనే సంస్థ ఉంది. డాక్టరుకి చెప్పుకున్న మాట కూడా రికార్డులో ఉంటుంది, ఉచిత లాయరు కోసం అడిగినప్పుడు అది పనికొస్తుంది. ఈ నంబర్లు వాట్సాప్‌లో పంపకండి, ఆ ఫోన్ ఆమె ఒక్కతే చూస్తుందని నమ్మకం లేదు. వచ్చినప్పుడు నోటితో చెప్పండి.

మన ఎంపీలకి ఒక్కటే విన్నపం. వచ్చే సమావేశాల్లో విదేశాంగ మంత్రిగారిని ఆ ఏడేళ్ల గడువు ఎందుకు పెట్టారో, ఎప్పుడు తీసేస్తారో అడగండి. జవాబు మీ పత్రికలో అచ్చయితే మా అక్కకి చదివి వినిపిస్తాను.

ఒక పాఠకురాలు,
విశ్రాంత ఉపాధ్యాయిని, తెనాలి
(పేరు ప్రచురించవద్దని మనవి)