టికెట్లు కొనే ముందు ఇది చదువు

పర్లాకిమిడి

చిన్నీ,

మనందరి ఒర్లాండో ప్రయాణానికి నువ్వు వేసి పంపిన షీట్ మీ నాన్న ప్రింట్ తీయించుకొచ్చారు. ఏడు రోజులకి ఏడు రంగులు బాగానే వేశావు. డిస్నీ పార్కులు నాలుగింటికి నాలుగు రోజులు, యూనివర్సల్ అనే ఇంకో పార్కుకి రెండు, కెన్నెడీ స్పేస్ సెంటర్లో రాకెట్లు చూడ్డానికి ఒకటి. మీ అట్లాంటా నుంచి ఒర్లాండో పోవడానికీ రావడానికీ మాత్రం ఏ రంగూ లేదు. ఏడు వందల కిలోమీటర్లు, నడిపేది అల్లుడుగారే. పిల్లలతో ఆగుతూ పోతే పొద్దున బయల్దేరినా చేరేసరికి సాయంత్రం అవుతుంది. ఆ రెండు రోజులూ ఆయన సెలవులోంచే పోతాయి. ఇదంతా ఫోన్‌లో చెబుదామంటే మధ్యలో పాప ఏడుస్తుంది, నువ్వు "సరేలే అమ్మా" అనేసి పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

ముందు యూనివర్సల్ తీసెయ్. పాప చంటిది, మేం తిరగలేం, బాబుకి ఎత్తు చాలదు. రాకెట్లు వాడు ఇంకొంచెం పెద్దయ్యాక చూస్తే బుర్రకెక్కుతాయి. అక్కడితో మూడు రోజులు తగ్గాయి.

అసలు నేను అడిగేది, అందరికీ ఒకే లెక్కన రోజులెందుకు? టికెట్ మనిషికి విడిగానే కదా ఇస్తారు. పాపకి ఆగస్టులో మూడు నిండుతాయి, మనం వెళ్లేది జూలైలో. మూడేళ్లలోపు పిల్లలకి టికెట్టే లేదని నీ షీట్‌లోనే రాశావు. బాబుకి నాలుగు రోజులు చాలవు, నాకూ మీ నాన్నకీ మూడే ఎక్కువ. మరి ఆరుగురికీ ఒకే పట్టిక ఎలా సరిపోతుంది? రోజులు పెరిగేకొద్దీ రోజుకి పడే ధర తగ్గుతుంది, నాలుగో రోజుకి పెద్దగా ఖర్చవదు అని అల్లుడుగారు అంటారు. నిజమే. కానీ ఆ నాలుగో రోజు నడవాల్సింది మీ నాన్న మోకాళ్లు. పార్కులో పొద్దుటి నుంచీ తిరిగితే పది కిలోమీటర్లు దాటడం మామూలేనట. గేటు దగ్గర చక్రాల కుర్చీ అద్దెకిస్తారని చెబితే ఈయన మొహం చూడాల్సింది. ఆయనకి నామోషీ. అక్కడికెళ్లాక నువ్వు చెప్పు, నీ మాట వింటారు.

ఆయన యూట్యూబ్‌లో ఒకటి పట్టుకున్నారు. ఆ నాలుగు డిస్నీ పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్ చుట్టూ ఆవిరి ఇంజను బండి తిరుగుతుందట. నాలుగు ఇంజన్లూ అమెరికాలో బాల్డ్విన్ కంపెనీ 1916 నుంచి 1928 లోపు చేసినవి, మెక్సికోలో పనిచేసి అక్కడికొచ్చాయట. గేజ్, అంటే పట్టాల మధ్య వెడల్పు, మూడడుగులు. నౌపడ నుంచి మన ఊరికి వచ్చిన చిన్న బండిది రెండున్నర అడుగులు, 1900లో మొదలైందని ఆయన రెండింటినీ పక్కపక్కన పెట్టి నాకు పాఠం చెప్పారు. గుణుపురం దాకా ఆ చిన్న బండిలో తలుపు దగ్గర నిలబడి వెళ్లిన మనిషి కదా. బ్రాడ్ గేజ్ వేశాక మళ్లీ అంత ముచ్చటగా ఏ బండి గురించీ మాట్లాడలేదు. ఆయన్ని అందులో ఎక్కించి వదిలెయ్యండి, ఎన్ని చుట్లు తిరుగుతారో తిరగనీ. అయితే నడుస్తోందో లేదో ముందే చూడు. 2018 చివర్లో ఆపేసి మళ్లీ 2022 చివరికి గానీ నడపలేదట.

ఇంకొకటి, ఎండ. జూలైలో అక్కడ ఉక్కపోత, మధ్యాహ్నం దాటితే ఉరుములతో వాన. మన కాలవైశాఖి లాంటిదే, కాకపోతే వాళ్లకది దాదాపు రోజూ వస్తుంది. మెరుపులు మెరిస్తే బయట రైడ్లు ఆపేస్తారు. కాబట్టి పొద్దున్నే గేటు తెరిచేసరికి లోపలుండి, ఒంటిగంటకల్లా గదికి వచ్చి పిల్లల్ని పడుకోబెట్టడమే మేలు. పొద్దున ఏడుకి లేపి రాత్రి తొమ్మిదికి బాణసంచా చూపిస్తే పాప మర్నాడంతా చంకదిగదు. అర్ధరాత్రి దాకా మేలుకోవడం ఒక్కరోజుకే పెట్టుకుందాం.

ఆలోచించి ఇలా అనుకున్నాం. శనివారం ప్రయాణం. ఆదివారం మ్యాజిక్ కింగ్‌డమ్, అందరం. సోమవారం పొద్దున యానిమల్ కింగ్‌డమ్, జంతువులు చురుగ్గా ఉండేది అప్పుడేగా. అక్కడ ఆసియా అని కట్టిన భాగంలో ఊరికి ఆనందపూర్ అని పేరు పెట్టారట, మన ఒడిశాలో కెందుఝర్ జిల్లాలో ఉన్న ఊరిపేరే. మంగళవారం ఎక్కడికీ వద్దు, హోటల్లో ఈత కొలను చాలు. నాలుగు రోజుల టికెట్‌ని ఏడు రోజుల్లోపు వాడుకోవచ్చు కాబట్టి మధ్యలో ఖాళీ ఉంచితే నష్టమేమీ లేదు. గురువారం మధ్యాహ్నం పడుకుని లేచి ఎప్‌కాట్. పదకొండు దేశాలు కట్టారట, మన దేశం లేదు. సరే, ఉన్నవే చూస్తాం. ఆ చెరువు చుట్టూ దాదాపు రెండు కిలోమీటర్లు, చక్రాల కుర్చీ ఆ రోజు తప్పదు. బాణసంచా కూడా ఆ రాత్రికే. శుక్రవారం తిరుగు ప్రయాణం, శని ఆదివారాలు బట్టలు ఉతుక్కోవడానికి.

బుధవారం గురించి విడిగా చెప్పాలి. ఆ రోజు హాలీవుడ్ స్టూడియోస్‌కి నువ్వు, అల్లుడుగారు, బాబు వెళ్లండి. మాకు టికెట్ వద్దు. పాప నా దగ్గరుంటుంది. ఒకరు ఎక్కితే ఇంకొకరు పిల్లను పట్టుకుని నిలబడి, తర్వాత మళ్లీ క్యూ కట్టకుండా ఎక్కే పద్ధతి ఉందని రాశావు, రైడర్ స్విచ్ అని. ఉంటే ఉండనీ. పాప పుట్టాక మీ ఇద్దరూ కలిసి దేనిలోనైనా ఎక్కారా? చేతిలో సీసా, భుజాన సంచీ లేకుండా ఒక్కరోజు తిరిగి రా. అన్నం తినిపించడం నాకు కొత్తా?

తిండికి టెన్షన్ పెట్టుకోకు. గాజు సీసాలు తప్ప మన తిండి లోపలికి తీసుకెళ్లొచ్చట కదా. పులిహోర, జంతికలు నేను చూసుకుంటా. మేం దిగిన వారంలో మాత్రం ఈ ప్రయాణం పెట్టకు. తొమ్మిదిన్నర గంటల తేడా, మీకు మధ్యాహ్నం మూడైతే మాకు అర్ధరాత్రి దాటినట్టే. పదిరోజులు ఆగి వెళ్దాం.

టికెట్లు ఇప్పుడే కొనకు. ముందు బాబుని గోడకి ఆనించి, బూట్లు విప్పించి టేపుతో కొలువు. స్పేస్ మౌంటెన్ రైడ్ ఎక్కాలంటే 44 అంగుళాల ఎత్తు కావాలి, ఎవరెస్ట్ రైడ్‌కీ అంతే. వాడు ఫోన్‌లో నాకు రోజూ ఆ రెండింటి సంగతే చెబుతున్నాడు. కొలతలో తగ్గితే ఆ మాట ఇంట్లోనే చెప్పు, గేటు దగ్గర పొడుగు చూసే మనిషి చేత చెప్పించకు. ఎంత వచ్చిందో రాయి.

అమ్మ