నది దాటక ముందే చెప్పండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. మా ఆయనా నేనూ బజారులో చిన్న జిరాక్స్ షాపు నడుపుతాం. పిల్లల ఆన్‌లైన్ దరఖాస్తులు కూడా నింపి పెడతాం. మీ పత్రిక శ్రీకాకుళం ఎడిషన్ పొద్దున్నే మాకు అందుతుంది. చదువుల పేజీ వచ్చిన రోజు దాన్ని కత్తిరించి షాపు గోడకు అంటిస్తాను. పిల్లలు నిలబడి చదువుతారు. ఆ పేజీలో జేఈఈ గురించి, ఎంసెట్ గురించి, నీట్ గురించి ఎన్నో మంచి విషయాలు ఉంటాయి. కానీ సరిహద్దు పిల్లలకు అన్నిటికన్నా ముందు తెలియాల్సిన సంగతి, అంటే ఏ రాష్ట్రంలో చదివితే ఏ సీటుకు అర్హులవుతారన్నది, ఇన్నేళ్లలో అందులో ఒక్కసారి కూడా నా కంట పడలేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాకు మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం. అటు ఆంధ్ర, ఇటు ఒడిశా. పెళ్లిళ్లకు గానీ, సంతలకు గానీ, ఆస్పత్రులకు గానీ ఆ హద్దు మాకెప్పుడూ అడ్డు రాలేదు. నా పుట్టిల్లు టెక్కలి. పెళ్లై ఇక్కడికి వచ్చేసరికి నాకు ఇరవై రెండేళ్లు. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా రాస్తారు. టెన్త్ అయ్యేదాకా ఈ బతుకు హాయిగానే నడుస్తుంది. ఆ తర్వాత ఇంటర్ ఎక్కడ అన్న మాట వస్తుంది చూడండి, అక్కడ మొదలవుతుంది అసలు చిక్కు. అది ఆ రోజు తెలియదు. రెండేళ్లు గడిచి కౌన్సెలింగ్‌కు వెళ్లినప్పుడు తెలుస్తుంది.

మా పెద్దమ్మాయి సంగతి చెప్తాను. 2022లో ఇక్కడే టెన్త్ పాసైంది. లెక్కల్లో చురుకైన పిల్ల. ఆ ఏడాది పరీక్షలకు ముందే విశాఖ నుంచి ఒక కాలేజీ వాళ్లు మా ఇంటికి వచ్చారు. ర్యాంకుల ఫొటోలున్న కరపత్రం చేతిలో పెట్టి, "జేఈఈ, ఎంసెట్ రెండూ కవర్ అవుతాయమ్మా" అన్నారు. భోజనం ఎలా ఉంటుంది, హాస్టల్లో ఆడపిల్లలకు భద్రత ఉంటుందా అని అడిగాను. పదో తరగతి దాకా ఒడిశాలో చదివిన పిల్ల ఇంటర్ ఒక్కటే ఆంధ్రలో చదివితే రేపు సీటు దగ్గర ఏ రాష్ట్రం పిల్ల అవుతుంది అని అడగలేదు. అలాంటి ప్రశ్న ఒకటి ఉంటుందని కూడా నాకు తెలియదు. వాళ్లకు తెలిసే ఉంటుంది. చెప్పలేదు.

రెండేళ్లు కష్టపడి చదివింది. ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు, మా దగ్గర ఇంకా ఎంసెట్ అనే అంటాం) మంచి ర్యాంకే వచ్చింది. సర్టిఫికెట్ల పరిశీలనకు నేనూ వెంట వెళ్లాను. అక్కడ కూర్చున్నాయన స్టడీ సర్టిఫికెట్లు తిరగేసి, "నాన్ లోకల్ అమ్మా, కన్వీనర్ కోటాలో రాదు" అని కాగితాలు వెనక్కి ఇచ్చేశారు. ఆంధ్రలో కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకు మీద ప్రభుత్వం ఇచ్చే సీట్లలో, 85 శాతం లోకల్ వాళ్లవి. లోకల్ అనిపించుకోవాలంటే ఇంటర్‌తో ముగిసేలా నాలుగేళ్లు వరసగా అక్కడ చదివి ఉండాలి. మా అమ్మాయికి ఉన్నవి రెండేళ్లే. బస్సులో ఇంటికి వచ్చేదాకా పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఒక్క మాట మాట్లాడలేదు.

సరే, ఒడిశాలోనైనా వస్తుందిలే అనుకున్నాం. ఒడిశాలో బీటెక్ సీట్లు జేఈఈ మెయిన్ ర్యాంకు మీద ఇస్తారు. జేఈఈ రాసింది కదా, ఇంకేం కావాలి అన్న ధైర్యంతో ఉన్నాం. కానీ ఆ ర్యాంకు ఒక్కటే చాలదు. ఒడిశా ప్రభుత్వం సీట్లు పంచే ఓజేఈఈ కౌన్సెలింగ్‌కు మళ్లీ విడిగా రిజిస్టర్ చేసుకోవాలి. అది తెలిసేసరికి గడువు అయిపోయింది. అటూ కాక ఇటూ కాక, చివరికి ఒక ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు కొన్నాం. నా గాజులు, మెడలో గొలుసు అప్పుడే వెళ్లిపోయాయి. వాటి గురించి నాకు దిగులు లేదు. దిగులంతా ఇంకొక దాని గురించి.

ఆ తర్వాత కొన్ని నెలలకు, వేరే అబ్బాయి దరఖాస్తు కోసం ఆంధ్ర అడ్మిషన్ నిబంధనలు షాపులో ప్రింటు తీశాను. ప్రింటు తీస్తూ చదివాను. మిగిలిన 15 శాతం అన్‌రిజర్వుడ్ సీట్లకు ఎవరు అర్హులో అందులో రాసి ఉంది. తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరైనా మొత్తం మీద పదేళ్లు ఆ రాష్ట్రంలో నివాసం ఉండి ఉంటే, వాళ్ల పిల్లలు కూడా అర్హులే. దానికి తహసీల్దారు ఇచ్చిన సర్టిఫికెట్ కావాలి. నేను టెక్కలిలో పుట్టి, టెక్కలిలో చదువుకుని, ఇరవై రెండేళ్లు అక్కడే పెరిగిన దాన్ని. ఆ రోజు పరిశీలన బల్ల ముందు నా కూతురి పక్కనే నిలబడి ఉన్నాను. ఆ పిల్లకు కావాల్సిన అర్హత నేనే. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నాకు చెప్పాలని తెలియలేదు.

అయ్యా, ఈ ఒక్క వాక్యం మీ పేజీలో ఒక్కసారి వచ్చి ఉంటే మా ఇంట్లో సంగతి వేరుగా ఉండేది. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, బరంపురం ఎక్కడికి వెళ్లినా ఆంధ్ర నుంచి వచ్చిన కోడళ్లు వందల మంది కనిపిస్తారు. తమ పుట్టింటి ఊరు పిల్లల చదువుకు పనికొస్తుందని వాళ్లలో ఎంతమందికి తెలుసు?

అప్పటి నుంచి షాపుకు వచ్చే ప్రతి తల్లినీ "మీ పుట్టిల్లు ఎక్కడ?" అని మొదట అడుగుతున్నాను. ఈవిడకెందుకు ఈ ఆరా అన్నట్టు కొందరు చూస్తారు. విషయం చెప్పాక అక్కడే కుర్చీ లాక్కుని కూర్చుంటారు. పుట్టింటి ఊళ్లో బడి సర్టిఫికెట్లు, పాత రేషన్ కార్డు ఏవైనా ఉంటే వెతికించి, పరీక్షలు కాక ముందే తహసీల్దారు ఆఫీసుకు వెళ్లమంటాను. రూల్స్ ఏటా మారొచ్చు కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ కూడా చూసుకోమంటాను.

ఇక జేఈఈ లెక్క మళ్లీ వేరు. జేఈఈ ర్యాంకు మీద సీట్లిచ్చే కేంద్రం ఇంజినీరింగ్ కాలేజీలైన ఎన్ఐటీల్లో సగం సీట్లు హోమ్ స్టేట్ పిల్లలకు, సగం బయటి రాష్ట్రాల వాళ్లకు. హోమ్ స్టేట్ అంటే పుట్టిన ఊరు కాదు, ఆధార్‌లో ఉన్న అడ్రస్ కూడా కాదు. పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసైతే అదే. మా అమ్మాయి ఒడిశాలో పుట్టి పెరిగినా రూర్కెలా ఎన్ఐటీకి బయటి పిల్ల అయింది. తాడేపల్లిగూడెం ఎన్ఐటీకి ఇంటి పిల్ల అయింది. ఇది నష్టమనే అనను, కొందరికి లాభం కూడా కావచ్చు. అయితే ఇంటర్ ఎక్కడ అని తేల్చుకునే రోజే ఇది తెలిసి తేల్చుకోవాలి. ఐఐటీల్లో ఈ రాష్ట్రం లెక్క లేదు కాబట్టి అక్కడికి గురిపెట్టిన పిల్లలకు దీని టెన్షన్ అక్కర్లేదు.

ఇక్కడ మా వాళ్లలో ఒక పెద్ద అపోహ ఉంది. ఆంధ్ర కాలేజీల్లో లోకల్ కావాలంటే ఇంటర్‌కు నది దాటితే చాలు అనుకుంటారు. నాలుగేళ్లు అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. అంటే ఆ ఆలోచన ఎనిమిదో తరగతి అయ్యేలోపే రావాలి. ఆ వయసులో పిల్లను ఊరు దాటించమని నేను ఎవరికీ చెప్పను. పాతపట్నం బడికి రోజూ వెళ్లి వచ్చే వీలున్న వాళ్ల మాట వేరు. మిగిలిన వాళ్లు ఇక్కడే ప్లస్ టూ (ఒడిశాలో ఇంటర్‌ను ఇలా అంటారు) చదివితే ఏం పోతుంది? ఇక్కడ ప్లస్ టూలో చేరడం కూడా ఒడిశా ప్రభుత్వ శామ్స్ వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌లోనే, కష్టమేమీ కాదు. మా పర్లా మహారాజు పేరు పెట్టుకున్న ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీ బరంపురంలోనే ఉంది. బుర్లాలో, భువనేశ్వర్‌లో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. వాటి పేర్లు కూడా మన తెలుగు ఇళ్లలో చాలామంది వినలేదు. విశాఖ కాలేజీల పేర్లు మాత్రం కంఠతా వచ్చు.

పేపర్ల తేడా కూడా పిల్లలకు ముందే చెప్పాలి. జేఈఈ మెయిన్‌లో మూడు గంటల్లో 75 ప్రశ్నలు, తప్పుకు మార్కు పోతుంది. ఎంసెట్ ఇంజినీరింగ్‌లో అదే మూడు గంటల్లో 160 ప్రశ్నలు, తప్పుకు కోత లేదు. ఒకదానికి ఆగి ఆలోచించడం అలవాటు కావాలి, ఇంకోదానికి చేతి వేగం కావాలి. రెండూ ఒకే నెలలో నేర్చుకోవడం కుదరదు. జేఈఈ మొదటి విడత జనవరిలో వస్తుంది, అదే సమయంలో ఇక్కడ ప్లస్ టూ ప్రాక్టికల్స్ హడావిడి. రెండో విడత ఏప్రిల్‌లో. రెండూ రాస్తే ఎక్కువ వచ్చిన స్కోరే తీసుకుంటారు. కాబట్టి జనవరిలో సరిగా రాయకపోయినా కుంగిపోవద్దని మా షాపుకు వచ్చే పిల్లలకు నేను గట్టిగా చెప్తాను.

భాష సంగతి ఇంకొకటి. పోయిన ఏడు నీట్ దరఖాస్తుకు ఒక రైతు తన కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. అబ్బాయి టెన్త్ దాకా శ్రీకాకుళం జిల్లాలో అమ్మమ్మ గారింట్లో తెలుగు మీడియంలో చదివాడు. ప్రశ్నపత్రం తెలుగులో కావాలి, సెంటరు బరంపురంలో కావాలి అన్నాడు. తెలుగు పేపరు ఆంధ్ర, తెలంగాణ సెంటర్లలోనే ఇస్తారు, ఒడిశా సెంటర్లలో ఒడియా పేపరు ఉంటుంది, జేఈఈకి కూడా ఇంతే అని చెప్పాను. "మరి ఏటి చెయ్యాలి తల్లీ?" అన్నాడు తండ్రి. నా దగ్గర మంచి జవాబు లేదు. అబ్బాయి ఇంగ్లిషు పేపరే పెట్టుకుని, పాత ప్రశ్నపత్రాలు ఇంగ్లిషువి నా దగ్గరే ప్రింటు తీయించుకుని వెళ్లాడు. ఈ సంగతి వాడికి పదకొండో తరగతిలోనే తెలిసి ఉంటే రెండేళ్లు ఆ భాషలోనే సాధన చేసి ఉండేవాడు కదా.

కులం సర్టిఫికెట్ల బాధ చెప్పక్కర్లేదు. ఆంధ్ర జాబితాలో ఉన్న కులం ఒడిశా జాబితాలో ఉండాలని లేదు, కేంద్రం జాబితా మళ్లీ వేరు. ఓబీసీ సర్టిఫికెట్ కేంద్రం నమూనాలో, ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. పాతది పట్టుకుని వచ్చి ఏడ్చిన పిల్లల్ని నేను చూశాను. పేర్లదీ అదే గోల. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడి బడుల్లో చివర రాస్తారు. టెన్త్ సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటే దరఖాస్తు దగ్గర ఇబ్బంది వస్తుంది. దాన్ని దిద్దించుకోవడానికి వారాలు పడుతుంది కాబట్టి పదకొండో తరగతిలో చేరగానే ఆ పని ముగించుకోవాలి.

గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊరి బడిలోనే పాఠాలు చెప్పారు. ఏటా ఆగస్టు 29న మీ పత్రికలో ఆయన ఫొటోతో పాటు పర్లాకిమిడి పేరు కూడా వస్తుంది. చూసి ఎంతో సంతోషిస్తాం. మిగిలిన రోజుల్లో కూడా ఈ ఊళ్లో తెలుగు పిల్లలు ఉన్నారని, వాళ్లకు రెండు రాష్ట్రాల రూల్స్ తెలిస్తే తప్ప ఒక్క సీటు రాదని గుర్తుంచుకోమని మిమ్మల్ని కోరుతున్నాను.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. టెన్త్ ఫలితాలు వచ్చే వారంలో, అంటే ఇంటర్ కాలేజీల వాళ్లు అడ్వాన్సు వసూలు చేయక ముందే, చదువుల పేజీలో సగం పేజీ మా కోసం ఇవ్వండి. ఆంధ్రలో లోకల్ ఎవరు, 15 శాతానికి ఎవరు, ఎన్ఐటీకి హోమ్ స్టేట్ ఏది, ఓజేఈఈకి ఎప్పుడు రిజిస్టర్ కావాలి, ఏ సర్టిఫికెట్ ఏ ఆఫీసులో, ఇవి ఆ ఏడాది నోటిఫికేషన్లు చూసి తెలిసిన వాళ్లతో రాయించండి. డాక్టరు చదువుకు రెండు రాష్ట్రాల రూల్స్ ఇంకా చిక్కుగా ఉంటాయి. వాటికి విడిగా ఇంకో రోజు ఇవ్వండి. మహారాష్ట్ర వైపు గడ్చిరోలి జిల్లా సిరొంచలోనూ గోదావరి పక్కన తెలుగు ఇళ్లు ఉన్నాయి, వాళ్లను కూడా కలపండి.

మా చిన్నవాడు ఇప్పుడు ఎనిమిదో తరగతి. నా టెక్కలి బడి సర్టిఫికెట్లు అన్నీ ఈసారి ఒక ఫైలులో పెట్టి ఉంచాను. ఆ పేజీ ఏ రోజు వేస్తారో ఒక రోజు ముందు చెప్పండి. పేపర్ల కట్టలో యాభై ప్రతులు అదనంగా వేయించుకుంటాను. టెన్త్ పాసైన ప్రతి పిల్లకూ ఉచితంగా జిరాక్స్ తీసి ఇస్తాను.

ఇట్లు,
జిరాక్స్ షాపు నడిపే ఒక తల్లి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.