మంత్రి గారూ, ఆత్మీయ భరోసాకు ఒక తేదీ చెప్పండి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రి గారికి నమస్కారాలతో,

భూమిలేని వ్యవసాయ కూలీ కుటుంబాలకు ఏడాదికి రెండు విడతల్లో రూ.12,000 ఇస్తామన్న ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కోసం మా ఊరి ఆడవాళ్లు పెట్టుకున్న దరఖాస్తులకు ఇప్పటిదాకా దొరికిన జవాబు రసీదు ఒక్కటే. 2025 జనవరిలో గ్రామసభలో ఇచ్చాం. తర్వాత మండల కార్యాలయంలో ఇచ్చాం. సోమవారం ప్రజావాణిలో ఇచ్చాం. పోయిన చోటల్లా ముద్ర వేసి చేతిలో పెట్టారు, "పైనుంచి రావాలి" అన్నారు. ఆ పైన ఉన్నది మీరే కాబట్టి నేరుగా మీకే రాస్తున్నాను.

నేను ఉపాధి హామీ పనిలో మేట్‌ను, అంటే కూలీల హాజరు వేసి పని చూసే మనిషిని. మా అమ్మానాన్నలు కూలీలు, నేనూ కూలికి వెళ్తాను. డిగ్రీ చదివానని ఊళ్లో దరఖాస్తులన్నీ నా చేతే రాయిస్తారు. ఎవరికి ఎన్ని రోజులు పడ్డాయో, ఎవరి జాబ్ కార్డు ఎందుకు ఆగిందో నాకు తెలుసు. అందుకే భరోసా డబ్బులు ఎప్పుడు పడతాయని రోజూ నన్నే అడుగుతారు. ఏం చెప్పమంటారు?

మా మండలంలో జనవరి 26న పథకం మొదలైన ఊరు మాది కాదు, మా పక్కది. మండలానికి ఒక ఊరు చొప్పున తీసుకున్నారు. అక్కడ పేరున్న కుటుంబాలకు రూ.6,000 పడ్డాయి. వారం తిరగకముందే మీకూ వస్తాయని మాకు చెప్పారు. అంతలో ఎమ్మెల్సీ ఎన్నికల కోడ్ అన్నారు. ఫిబ్రవరి 27న పోలింగ్ అయిపోయింది, ఓట్ల లెక్కింపూ అయిపోయింది. మార్చి వెళ్లింది, కరువు పని (ఉపాధి హామీ పనిని మేం అలాగే అంటాం) మొదలైంది, ఎండలు ముదిరాయి, వానలూ పడ్డాయి. మా ఊళ్లో ఒక్క ఖాతాలో ఒక్క రూపాయి పడలేదు. పక్క ఊరివాళ్లు రెండో విడత కోసం చూస్తున్నారు, మేము మొదటి విడత కోసం చూస్తున్నాం.

2025 జూన్‌లో రైతు భరోసా కింద ఎకరానికి రూ.6,000 చొప్పున తొమ్మిది రోజుల్లో దాదాపు రూ.9,000 కోట్లు వేశామని ప్రభుత్వమే ప్రకటించింది. రైతుకు ఇచ్చినందుకు మాకు బాధ లేదు. రైతు చేతిలో డబ్బుంటేనే మాకు నాటు పని, కలుపు పని దొరుకుతాయి. కానీ భూమి ఉన్నవారి విషయంలో తొమ్మిది రోజుల్లో జరిగిన పని, ఆ భూమిలో వంగి పనిచేసేవారి విషయంలో నెలలు గడిచినా ఎందుకు జరగలేదు? 2023 సెప్టెంబరు 17న తుక్కుగూడలో కాంగ్రెస్ సభలో రైతుకు, కౌలు రైతుకు రూ.15,000, వ్యవసాయ కూలీకి రూ.12,000 అని ఒకే హామీ కింద ఒకే నోటితో చెప్పారు. మా పెద్దమ్మ లాంటివాళ్లు ఆ మాట మరచిపోలేదు.

ఆ ఆరు వేలతో ఏమవుతుందని కొందరు తేలిగ్గా మాట్లాడుతున్నారు. పక్క ఊళ్లో ఏమైందో చెబుతాను. అది మా అమ్మ పుట్టిన ఊరు, నాకు ప్రతి ఇల్లూ తెలుసు.

వరసకు నాకు వదిన అయ్యే ఆమె ఆ డబ్బుకు ఆడవాళ్ల పొదుపు సంఘం అప్పు కొంత కలిపి రెండు ఆడ మేకపిల్లలు కొన్నది. పొద్దున్నే కూలికి వెళ్తూ పొలం గట్టున కట్టేస్తుంది, సాయంత్రం వస్తూ ఒక మోపు ఆకు తెస్తుంది. వాళ్ల పక్కింటి అన్న బ్యాటరీ మందు పంపు కొన్నాడు. అంతకుముందు రైతు ఇచ్చిన పంపుతో రోజు కూలికి మందు కొట్టేవాడు. ఇప్పుడు పంపు తనది కాబట్టి ట్యాంకు లెక్కన తీసుకుంటున్నాడు. మబ్బు పట్టి పురుగు లేచిందంటే రెండు మూడు చేల వాళ్లు ముందు రోజే ఫోన్ చేసి పెట్టుకుంటున్నారు. పని అదే, మనిషీ అతడే. పనిముట్టు సొంతం కాగానే ధర చెప్పే మాట అతని నోటికి వచ్చింది.

ఇంకొకామె ఏమీ కొనలేదు. ఊళ్లో ఆసామి దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీర్చేసింది. అన్నిటికన్నా పెద్ద మార్పు అదేనని నా నమ్మకం. ఎందుకో మీకు వివరంగా చెప్పాలి.

యాసంగి కోతలు అయిపోయాక నాట్లు పడే వరకు మాకు ఊళ్లో పని ఉండదు. కరువు పని ఉన్నా ఆ డబ్బులు ఎప్పుడు పడతాయో తెలియదు. జూన్‌లో బడులు తెరుస్తారు. పిల్లలకు నోటు పుస్తకాలు కావాలి, ఇంటి పైకప్పు మీద పరదా మార్చాలి, వారం వారం మైక్రో ఫైనాన్స్ కిస్తీ కట్టాలి. అప్పుడు ఆసామి దగ్గరికో మేస్త్రీ దగ్గరికో వెళ్లి నాలుగైదు వేలు తెచ్చుకుంటాం. దానికి వడ్డీ రాయరు. పత్తి ఏరే కాలంలో ముందు వాళ్ల చేనుకే వెళ్లాలి. ఊళ్లో నడిచే ధర కన్నా కిలోకు రెండు మూడు రూపాయలు తక్కువకు ఏరాలి. పక్క చేనులో ఎక్కువ ఇస్తామని పిలిచినా వెళ్లడానికి లేదు. జూన్‌లో తెచ్చుకున్న నాలుగు వేలకు డిసెంబరు దాకా మా చేతులు వాళ్లవి. ఏరడం అయిపోయేసరికి చేతిలో మిగిలేది ఉండదు కాబట్టి మళ్లీ వేసవిలో అదే గడప తొక్కుతాం.

ఆ జూన్‌లో మా ఖాతాలో రూ.6,000 ఉంటే ఆ గడప తొక్కాల్సిన పని లేదు. అడ్వాన్సు తీర్చేసిన ఆమె ఈ సంవత్సరం తనకు నచ్చిన చేనుకు వెళ్లి ఊరి ధరకే పత్తి ఏరుతుంది. ఆ తేడా కొన్ని వేలు ఉంటుంది. వచ్చే వేసవిలో కుట్టు మిషనో మేకలో చూసుకుంటానంటోంది. రెండో విడత సమయానికి వస్తేనే సుమా. రాకపోతే మళ్లీ ఆసామి దగ్గరికే.

అందుకే నేను మొత్తం కన్నా ముందు తేదీ అడుగుతున్నాను. ఫలానా నెలలో ఫలానా రోజున డబ్బు పడుతుందని తెలిస్తే మనిషి ముందుచూపుతో బతుకుతాడు. మేకల సంతకు ఎప్పుడు వెళ్లాలో అనుకుంటాడు, మేస్త్రీకి కాదని చెప్పగలుగుతాడు, సంఘంలో అప్పు అడిగితే ఎప్పుడు కడతాడో చెప్పగలుగుతాడు. ఎప్పుడు పడుతుందో తెలియని డబ్బును నమ్ముకుని ఏ పనీ మొదలుపెట్టలేం. ఆంధ్రప్రదేశ్‌లో ముసలివాళ్ల పింఛను ఒకటో తేదీన ఇంటి దగ్గరే ఇస్తున్నారు. ఆ రోజును బట్టి కిరాణా కొట్టువాడు కూడా వాళ్లకు ఖాతా రాస్తాడు. మాకు ఏ కొట్టువాడు రాస్తాడు?

పేదవాడికి ఊరికే డబ్బిస్తే తాగుడుకు పోతుందనే మాట కార్యాలయాల్లో కూడా విన్నాను, చాలా నొచ్చుకున్నాను. మధ్యప్రదేశ్‌లో 2011, 2012 సంవత్సరాల్లో ‘సేవా’ (SEWA) అనే మహిళా కార్మికుల సంఘం యూనిసెఫ్ సాయంతో ఎనిమిది ఊళ్లలో ఇదే పని చేసి చూసింది. పెద్దవాళ్లకు నెలకు రూ.200, పిల్లలకు రూ.100 చొప్పున మొదలుపెట్టి, తర్వాత రూ.300, రూ.150 చేసింది. ఏ షరతూ పెట్టలేదు. డబ్బు అందని ఊళ్లతో పోల్చి చూస్తే తాగుడు పెరగలేదు. పశువులు పెరిగాయి, కూలి తగ్గించుకుని సొంత సాగుకు, చిన్న పనులకు మళ్లినవాళ్లు పెరిగారు. పెద్ద పెద్ద మొత్తాలు కావు అవి. నెలనెలా ఆగకుండా వచ్చాయి, అంతే. ఈ సంగతులు మీ శాఖలోని అధికారులకు తెలియనివి కావు.

ఇక అర్హుల జాబితా సంగతి. దీని గురించి తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

2023-24లో ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసి ఉండాలి, భూమి ఉండకూడదు. ఇవీ మీ షరతులు. ముందు భూమి సంగతి చూడండి. మా ఇంటి వెనక ఉండే అవ్వకు ఊరి చివర మూడు గుంటల చెలక ఉంది. పాసు పుస్తకం ఉంది. ఆ మూడు గుంటల్లో రాళ్లు తప్ప ఏమీ పండదు, కంది చల్లితే నెమళ్లు తింటాయి. ఎకరానికి 40 గుంటలు, కాబట్టి ఎకరానికి రూ.6,000 అంటే గుంటకు రూ.150. మూడు గుంటలకు ఆమెకు వచ్చే రైతు భరోసా రూ.450. రెండు పంటలకూ కలిపి ఏడాదికి రూ.900. ఆ తొమ్మిది వందలు వస్తున్నందుకు ఆమె రైతు అయింది, రూ.12,000 పోయింది. గ్రామసభలో జాబితా చదివినప్పుడు తన పేరు ఎందుకు లేదని ఆమె అడిగితే, "నీకు పట్టా ఉంది కదా అవ్వా" అన్నారు. ఆమె ఇంటికి వెళ్లి ఆ పాసు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇది మీరే ఉంచుకోండి, నా పేరు రాయండి" అంది. అందరూ తల దించుకున్నారు. ఎవరూ రాయలేదు.

మంత్రి గారూ, ఆమె ఇప్పటికీ ఆ మూడు గుంటలు ఎవరి పేరనైనా చేసేస్తానంటోంది. వద్దని నేనే ఆపుతున్నాను. తాతల నాటి నుంచి ఆ ఇంటికి ఉన్న ఆస్తి అదొక్కటే. పేదరాలికి ఉన్న గుంటెడు నేల ఆమెకే శిక్ష కావడం న్యాయమా? అరెకరం లోపు ఉన్నవాళ్లను కూలీలుగా చూడండి, లేదంటే రైతు భరోసాలో వచ్చినది తీసివేసి మిగతాది ఇవ్వండి. లెక్కలు వేయడం మీ కంప్యూటర్లకు కష్టం కాదు.

20 రోజుల షరతు ఇంకా అన్యాయం. మా పిన్నికి ఆ సంవత్సరం 17 రోజులే పడ్డాయి. గర్భసంచి ఆపరేషన్ అయి పనికి రాలేకపోయింది. లేవగలిగాక పత్తి ఏరడానికి వెళ్లింది, యాసంగి నాట్లకు వెళ్లింది, మిరప కోతకు బండి ఎక్కి వెళ్లింది. అదంతా లెక్కలోకి రాదట. పథకం వ్యవసాయ కూలీలకు, లెక్క మాత్రం చెరువు మట్టికి! నాట్లు వేసి వేసి నడుము పోయిన మనిషి వ్యవసాయ కూలీ కాదని రాసిన కాగితం మీద మేమెలా సంతకం పెట్టాలి?

ఆ 20 రోజులైనా ఎందుకు పడలేదో వేరేవాళ్ల సంగతీ వినండి. రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి, హాజరు వేసే ఎన్‌ఎంఎంఎస్ యాప్‌లో ఎక్కించాలి. గుట్ట కింద కుంట దగ్గర సిగ్నల్ ఉండదు. ఫొటో ఎక్కని రోజున ఎంత మట్టి తవ్వినా హాజరు పడదు. ఫోన్ పైకెత్తి పట్టుకుని గట్టు మీద తిరిగిన మనిషిని నేను, నా కళ్లతో చూసిందే చెబుతున్నాను. 2024 జనవరి నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరి చేశాక, ఆధార్‌లో ఒక పేరు, జాబ్ కార్డులో ఒక పేరు ఉన్నవాళ్ల డబ్బులు ఆగిపోయాయి. అప్పట్లో రోజుకు రూ.272 కూలి. అది కూడా చేతికి రాకపోతే ఎవరు వస్తారు? మానేశారు. మానేసినందుకు ఇప్పుడు భరోసా లేదు. మనిషి చేసిన తప్పు ఒక్కటీ లేదు ఇందులో.

మున్సిపాలిటీలో కలిపేసిన ఊళ్ల కూలీల గోడు వేరు. వాళ్లకు ఉపాధి పనే లేకుండా పోయింది, భరోసా ఎక్కడిది? పట్టణం అని పేరు మారింది కానీ వాళ్లూ మాతో పాటే నాట్లు వేస్తున్నారు. వాళ్లు వాళ్ల తరఫున అడుగుతూనే ఉన్నారు, నేను కూడా గుర్తు చేస్తున్నాను.

ఖజానాలో డబ్బు లేదని చెప్పదలిస్తే ఆ మాటే చెప్పండి. ఏడాదికి రెండుసార్లు కాకుండా నెలకు వెయ్యి చొప్పున ఇస్తామన్నా మాకు సమ్మతమే, మా ఆడవాళ్లలో చాలామంది అదే మేలంటున్నారు. ఆలస్యంగా ఇస్తామన్నా ఎప్పుడో చెబితే ఓర్చుకుంటాం. ఏమీ చెప్పకపోవడాన్నే ఓర్చుకోలేకపోతున్నాం. గ్రామసభలో మా పేర్లు మైకులో చదివారు మంత్రి గారూ. చప్పట్లు కొట్టించారు. పేరు చదివించుకున్న ఇంటికి అప్పులవాడు మరునాడే వచ్చాడు, డబ్బులు వస్తున్నాయట కదా అని. డబ్బు రాలేదు, వాడు మాత్రం వస్తూనే ఉన్నాడు.

మిమ్మల్ని చేతులెత్తి అడుగుతున్నాను. మొదటి విడత అందని ఊళ్లకు ఏ తేదీన వేస్తారో ప్రకటించండి. రెండో విడతకు తేదీ ప్రకటించండి. ప్రతి ఏటా నాట్లకు ముందు ఒకటి, యాసంగి కోతలయ్యాక పని లేని రోజులకు ఒకటి అని నెల, తేదీ ఖాయం చేయండి. గుంటల భూమి ఉన్న కూలీలను చేర్చండి. 20 రోజుల షరతు తీసేయండి, తీసేయలేకపోతే జబ్బుపడినవాళ్లకు, బాలింతలకు, ఆధార్ చిక్కుల్లో పడినవాళ్లకు సడలించండి. ఎవరి పేరు ఎందుకు తీశారో కారణంతో సహా పంచాయతీ గోడ మీద జాబితా అంటించండి. మా దరఖాస్తులకు రసీదు కాకుండా జవాబు ఇప్పించండి.

అన్నిటికన్నా ముందు తేదీ చెప్పండి. ఈసారి పత్తి పగలకముందే చెప్పండి. మా ఊళ్లో చాలామంది ఇప్పటికే అడ్వాన్సులు తీసుకున్నారు, మిగిలినవాళ్లు మీ మాట కోసం ఆగి ఉన్నారు.

ఇట్లు,
ఉపాధి హామీ మేట్, వ్యవసాయ కూలీ కుటుంబాల తరఫున