ఫ్లాపీలో ఫైలుంది, ఫాంటేది?

సంపాదకులకు,

భోగి దగ్గర పడుతుంటే చెన్నైలో తెలుగువాళ్ల ఇళ్ల అటకల మీంచి చిరిగిన చాపలతో పాటు ఫ్లాపీల డబ్బాలు కూడా దిగుతాయి. తాతగారి పద్యాలో, తెలుగు సంఘం వార్షిక సంచికో, 1990లలో డీటీపీ చేయించి దాచినవి. పారెయ్యకుండా ఎవరికో ఒకరికి ఇచ్చి తీయించుకుంటున్నారు, సంతోషం. కానీ ఫ్లాపీ చదివేటప్పుడు ఒక పొరపాటు, చదివాక ఇంకొకటి జరుగుతున్నాయి. ఎక్కువ నష్టం రెండోదానితోనే.

ముందు ఫ్లాపీ సంగతి. 3.5 అంగుళాలదైతే రేకు మూత పక్కకు జరిపి వెలుతురులో చూడండి. చెన్నై చెమ్మకు బూజు పట్టకుండా ఉండడం కష్టం. తెల్లటి మచ్చలుంటే డ్రైవులో పెట్టొద్దు. ఆ బూజు డ్రైవులో ఫ్లాపీని చదివే హెడ్‌కు అంటుకుంటే తర్వాత పెట్టే మంచి ఫ్లాపీలు కూడా గీసుకుపోతాయి. పీచు రాలని గుడ్డను పుల్లకు చుట్టి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, వెనక ఉన్న లోహపు బిళ్లను వేలితో తిప్పుకుంటూ రెండు వైపులా మెల్లగా తుడవాలి. పూర్తిగా ఆరనివ్వాలి. మూలనున్న చిన్న మీట జరిపి కన్నం తెరిచి ఉంచితే కంప్యూటరు దానిమీద ఏమీ రాయలేదు. 5.25 అంగుళాలదానికి ఇది తారుమారు: అంచున ఉన్న గాటును టేపుతో మూస్తేనే రక్షణ. అన్నట్టు, మార్కెట్లో దొరికే యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు 3.5 అంగుళాలవాటికే. పెద్దవాటికి 34 పిన్నుల కనెక్టరున్న పాత మదర్‌బోర్డు గానీ, పాత ఫ్లాపీ డ్రైవును యూఎస్‌బీకి కలిపే గ్రీస్‌వీజల్ లాంటి బోర్డు గానీ కావాలి. ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే రిచీ స్ట్రీట్‌కు వెళ్లేముందు మీ ఫ్లాపీ ఏ సైజుదో చూసుకుని వెళ్లండి.

విండోస్ "ఫార్మాట్ చేయాలా" అని అడిగితే వద్దని చెప్పండి. ఫైళ్లు ఒక్కొక్కటే లాగి కాపీ చేసే పద్ధతీ వద్దు. చెడిపోయిన సెక్టరు (డేటా రాసుకునే చిన్న గడి) తగిలితే కాపీ ఆగిపోతుంది, ఫైలులో బాగున్న భాగం కూడా చేతికి రాదు. లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో ఫ్లాపీ మొత్తాన్నీ ఒకే ఇమేజిగా, అంటే అచ్చు నకలు ఫైలుగా దించాలి. మామూలు 1.44 ఎంబీ ఫ్లాపీలో 80 ట్రాకులు, రెండు వైపులు, ట్రాకుకు 18 సెక్టర్లు, సెక్టరుకు 512 బైట్లు, వెరసి 14,74,560 బైట్లు. ఏ సెక్టర్లు వచ్చాయో ఏవి రాలేదో మ్యాప్ ఫైలులో ఉంటుంది. రానివాటి కోసం అదే మ్యాప్ ఫైలు ఇచ్చి, అదే ఫ్లాపీని ఇంకో డ్రైవులో పెట్టి మళ్లీ నడపండి. హెడ్ ట్రాకు మీద కూర్చునే తీరు డ్రైవు డ్రైవుకూ కాస్త తేడా. ఒకటి చదవలేనిది ఇంకొకటి చదివేస్తుంది. మూడు డ్రైవులు మార్చి చూడకుండా "పోయింది" అనే మాట నమ్మొద్దు.

సీడీలకు ఇంత తతంగం లేదు. మధ్యనుంచి అంచుకు నేరుగా తుడవండి, గుండ్రంగా కాదు. పేరు రాసుకునే లేబుల్ వైపు గీతలు పడితే అక్కడి డేటా ఆశ వదులుకోవాల్సిందే, ఎందుకంటే వెండిపొర ఉన్నది ఆ వైపే, పైన పల్చటి లక్క మాత్రమే. హార్డ్ డిస్కు టిక్కుటిక్కుమంటుంటే వెంటనే కరెంటు తీసెయ్యండి. ఫ్రిజ్‌లో పెట్టే చిట్కా జోలికి పోవద్దు.

ఇక రెండో పొరపాటు. షాపువాళ్లు ఫైళ్లు పెన్‌డ్రైవులో వేసి ఇస్తారు, ఇంటికొచ్చి తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కొమ్ములున్న ఫ్రెంచి అక్షరాలు. ఫైలు చెడిపోయిందనుకుని చెరిపేసేవాళ్లున్నారు. ఫైలు బాగానే ఉంది, లేనిది ఫాంటు. ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలోనూ ఒకే నంబరుండే యూనికోడ్ పద్ధతి వాడుకలోకి రాకముందు ఒక్కో తెలుగు ఫాంటు కంపెనీ ఇంగ్లీషు అక్షరాల నంబర్ల మీద తన ఇష్టమొచ్చినట్టు తలకట్లు, గుడులు, వత్తులు అమర్చుకుంది. అందుకే ఫ్లాపీతో పాటు ఆనాటి కంప్యూటరు హార్డ్ డిస్కు కూడా వెతకండి. విండోస్ ఫోల్డరులో ఫాంట్స్ అనే ఫోల్డరును మొత్తంగా కాపీ చేసుకోండి. టీటీఎఫ్ (ట్రూటైప్) రకం ఫాంటు అయితే ఒక్క ఫైలు చాలు. టైప్ 1 అనే పాత రకం అయితే పీఎఫ్‌బీ, పీఎఫ్‌ఎం అనే రెండు ఫైళ్లూ కావాలి. పైగా అడోబీ తన సాఫ్ట్‌వేర్లలో టైప్ 1ను 2023 జనవరిలో ఆపేసింది కాబట్టి పాత సాఫ్ట్‌వేరు కూడా ఉంచుకోవాలి. టైపు చేసే సాఫ్ట్‌వేరు, దానికి తాళంచెవిలా ప్రింటరు పోర్టుకు తగిలించే డాంగిల్ దొరకలేదని దిగులు పడనక్కర్లేదు. అవి టైపు చేయడానికే, చదవడానికి ఫాంటు చాలు. ఆనాడు పేజీలు కట్టిన పేజ్‌మేకర్ 6, 6.5, 7 ఫైళ్లు దాని తర్వాత వచ్చిన అడోబీ ఇన్‌డిజైన్ సీఎస్6లో తెరుచుకుంటాయి. లిబ్రెఆఫీస్‌లోనూ తెరవొచ్చు, పేజీ చెదిరినా మాటలు దక్కుతాయి.

ఆ మాటల్ని యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు ఫైండ్ అండ్ రీప్లేస్‌తో పని కానిచ్చేవాళ్ల దగ్గర జాగ్రత్త. "శక్తి" అనే మాటే చూడండి. పాత ఫాంటులో కంటికి కనిపించే వరస ఉంటుంది: శ, కి, కింద త వత్తు. యూనికోడ్‌లో పలికే వరస: శ, క, పొల్లు, త, ఆఖరున గుడి. గుడిని వత్తు దాటించకుండా నంబర్లు మాత్రం మారిస్తే "శకి్త" అని వస్తుంది. వత్తుకు ముందు గుడి లాంటి గుర్తు వచ్చే ప్రతి మాటకూ ఇదే గతి. ఇంకొకటి: పాత ఫాంటు 173వ నంబరులో ఏ వత్తునో పెట్టుకుని ఉంటే, ఇప్పటి ప్రోగ్రాములు దాన్ని కనబడని హైఫన్‌గా లెక్కేసి మింగేస్తాయి. 160దీ అదే కథ, అది ఖాళీ జాగా అయిపోతుంది. పుస్తకమంతా ఒకే వత్తు మాయమైతే తప్పు ఫ్లాపీది కాదు, ఈ మార్పిడిది. ఫాంటు ఎక్కడా దొరక్కపోతే, అచ్చు ప్రతి ఉంటే 300 డీపీఐలో స్కాన్ చేసి బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే టెసరాక్ట్ తెలుగు ఓసీఆర్‌తో దించి దిద్దుకోవడమే మిగిలిన దారి.

తీయించుకునేవాళ్లు షాపులో మూడు అడిగి తీసుకోవాలి: ఇమేజి, మ్యాప్ ఫైలు, ఫాంటు. ఫాంటు కంపెనీలనూ, సొంత ఫాంట్లతో ఏళ్ల తరబడి అచ్చేసిన మీలాంటి పత్రికలనూ ఒకటి కోరుతున్నాం. ఏ నంబరులో ఏ అక్షరం ముక్క ఉందో చెప్పే పట్టిక ఫాంటుకు ఒక పేజీ చాలు. అందరికీ అందేలా దాన్ని బయటపెట్టండి.

- డీటీపీ, కంప్యూటరు మరమ్మతు పనిలో ఉన్న కొందరు పాఠకులు, చింతాద్రిపేట, చెన్నై