పిల్లాడితో తెలుగు మానెయ్యమనకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. సికింద్రాబాద్‌లో స్పెషల్ బీఈడీ చదివి, పైచదువులు పూర్తిచేసి, పదకొండేళ్లుగా ఆటిజం (మాట, నలుగురితో కలవడం కష్టమయ్యే ఎదుగుదల తేడా) ఉన్న పిల్లలకు పాఠం చెప్పబోయే టీచర్లకు శిక్షణ ఇస్తున్నాను.

వేసవి సెలవులకు ఇంటికెళ్తే మా వీధి కోడలొకామె మూడున్నరేళ్ల బాబును తీసుకొచ్చింది. పేరు పెట్టి పిలిస్తే తిరగడు. అరుగు మీద సీసా మూతలు వరసగా పేర్చుకుంటూ కూర్చున్నాడు. ఎనిమిది నెలల క్రితం థెరపీకి తీసుకెళ్తే, "రెండు భాషలైతే తికమకపడతాడు, ఇంట్లోనూ ఒడియాలోనే మాట్లాడండి" అన్నారట. "నాకే ఒడియా సరిగా రాదు కదక్కా, తప్పుగా మాట్లాడి ఇంకా పాడు చేస్తానేమోనని టెన్షన్" అంది. అందుకని వాడితో మాట్లాడటమే తగ్గించేసింది. అంతకుముందు "బువ్వ" అనేవాడు. ఇప్పుడు అదీ లేదు. కారణం ఇదొక్కటే అనను. కానీ ఆ సలహా ఇచ్చినవాళ్ల మీద నాకు చాలా కోపం వచ్చింది.

రెండు భాషలు వినే ఆటిజం పిల్లలు, ఒకే భాష వినే ఆటిజం పిల్లల కంటే మాటల్లో వెనకబడరని పరిశోధనలు చెబుతున్నాయి. ఈ వయసులో మాట నేర్పేది థెరపీ గదిలో గడిపే అరగంట ఒక్కటే కాదు. స్నానం, అన్నం, బట్టలు తొడగడం, అన్నీ పాఠాలే. నీళ్ల గ్లాసు చేతిలో పట్టుకుని, వాడు మన వైపు చూసేదాకా కాస్త ఆగి, "నీళ్లు" అని ఇవ్వాలి. రోజుకు ఇరవైసార్లు. తల్లి ఇది రాని భాషలో ఎలా చేస్తుంది?

గిడుగు రామమూర్తి పంతులు గారు మా ఊళ్లోనే పనిచేస్తూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. అదే ఊళ్లో ఇప్పుడు తల్లికి ఇలాంటి సలహానా!

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. 16 నుంచి 30 నెలల వయసులోనే ఆటిజం ఉందేమోనన్న అనుమానం పట్టగల, తల్లిదండ్రులను అడిగే ఎం-చాట్ ప్రశ్నలున్నాయి, మొత్తం ఇరవై. గజపతి, రాయగడ, గంజాం జిల్లాల తెలుగు వీధుల్లోని అంగన్‌వాడీల్లో వాటిని తెలుగులో అడిగేవాళ్లు కావాలి. శిక్షణ కాలేజీలు రెండు భాషలూ వచ్చిన మా సరిహద్దు పిల్లలకు కొన్ని సీట్లు కేటాయించాలి. "మగపిల్లాడికి మాటలు ఆలస్యమే" అని పెద్దవాళ్లు సర్దిచెబితే దయచేసి ఊరుకోకండి.

మీ శ్రీకాకుళం ఎడిషన్ మా ఊరికి వస్తుంది. అందులో వారానికి పావు పేజీ ఈ విషయానికి ఇవ్వండి, నేను రాసి పంపుతాను. ఆ తల్లి మళ్లీ తెలుగులో మాట్లాడుతోంది. మొన్న వాడు గ్లాసు పట్టుకుని ఆమె ముఖంలోకి చూశాడని ఫోన్ చేసింది. మాట ఇంకా రాలేదు.

ఇట్లు,
ఒక ప్రత్యేక విద్య అధ్యాపకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా